కొండక్క కుప్ప

నాకు అనుమానం ఎక్కువ. ఈ సంగతి నేనే ముందు చెప్పేస్తే ఇంకొకరికి చెప్పే శ్రమ ఉండదు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూడందే గిన్నె లోపలికి తీసుకెళ్లను. మా ఆయన బతికున్నప్పుడు, "పెళ్లిచూపుల నాడు ఇది నా పళ్లు కూడా లెక్కపెట్టింది" అని నలుగురిలో చెప్పి నవ్వేవాడు. లెక్కపెట్టిన మాట నిజమే. ఒకటి తక్కువుంది కూడా.

ఆ అనుమానమే నాకు ఇన్నేళ్లూ కూడు పెట్టింది. మా చినరావిపాడు షెడ్డులో పొగాకు గ్రేడింగు చేసే ఆడవాళ్లం నాతో కలిపి పదకొండుమందిమి, నేను మేస్త్రిని. పేరు మాలకొండమ్మ. అందరూ కొండక్క అంటారు. బ్యారన్లో, అంటే మంట వేడికి ఆకు ఆరబెట్టే కొట్టంలో, కాల్చి దించిన ఆకుని రంగు చూసి కుప్పలు వెయ్యడం మా పని. నిమ్మపండు రంగుది బ్రైటు, కాస్త వెలిసింది మీడియం, మాడిందీ పచ్చజీర ఉన్నదీ లోగ్రేడు. చెప్పుకుంటే ఇంతే. కానీ బ్రైటు బేలులో ఒక్క మీడియం ఆకు దొరికినా వేలం కేంద్రంలో కొనేవాళ్లు బేలు మొత్తం వెనక్కి తోసేస్తారు. ఏడాది పొడుగునా రైతు పడ్డ పాటు మళ్లీ ట్రాక్టరెక్కి ఇంటికొస్తుంది. కొండక్క ముఠా కట్టిన బేలు తిరిగి రాదని చుట్టుపక్కల పేరు. ఇరవై ఆరేళ్లుగా ఆ పేరు మీదే బతుకుతున్నాను.

ఈ ఏడు శివరాత్రి వెళ్లిన నాలుగో రోజున, గ్రేడింగు మొదలుపెట్టే పొద్దున, రైతుల సంఘం పెద్ద వీరరాఘవులు ఒక అమ్మాయిని వెంటపెట్టుకొచ్చాడు. పేరు హిమజ, గుంటూరు నుంచి వచ్చింది. కళ్లజోడు, పొట్టిజడ, చేతిలో చిన్న నల్లపెట్టె. అందులో ఉన్నది రంగు కొలిచే మిషనట. చూడటానికి టార్చిలైటులా ఉంది.

"ఇదిగో కొండమ్మా, కొనేవోళ్లు బ్రైటుని పట్టుకొని మీడియం అంటే ఇన్నాళ్లూ మనకాడ రుజువు లేకపాయె. ఇది అంకె చూపిస్తది. అంకె చూపిస్తే ఎవడన్నా నోరు మూసుకోవాల్సిందే" అన్నాడు రాఘవులు.

"మంచిదే గదయ్యా. మరి మా నోరు ఎందుకు మూయిస్తన్నావు?" అన్నాను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మూడు రోజులు చూస్తారట. మేం వేసిన ఒక్కో బ్రైటు కుప్పలోంచి పది ఆకులు తీసి మిషను కింద పెడతారట. మూడో రోజుకి పదికి ఎనిమిదన్నా కలవకపోతే, ఇక ఈ షెడ్డు ఎందుకు, ఆకంతా ఒంగోలు అవతల కాంట్రాక్టరు దగ్గరికి పంపిద్దామని సంఘంలో అనుకున్నారట. అక్కడ పెద్ద మిషన్లున్నాయట, ఆకు నడుచుకుంటూ వెళ్లి దాని కుప్పలో అదే పడుతుందట.

నాకు ఒళ్లు మండింది. మిరపకోతలు అప్పటికే అయిపోయాయి. ఈ షెడ్డు మూస్తే పదకొండు ఇళ్లలో వానాకాలం దాకా చేతికి పని ఉండదు. అది తెలిసి కూడా ఈయన చేతులు కట్టుకుని చల్లగా చెబుతున్నాడు. అంటే అంతా ముందే అయిపోయింది, ఈ మూడు రోజులూ మా కళ్లు తుడవడానికే అనుకున్నాను. ఇక ఆ పిల్లని కొనేవాళ్లే పంపించి ఉంటారని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను. లేకపోతే అంత మర్యాదగా "నమస్తే అమ్మా" అంటుందా?

అయినా పద్ధతి పద్ధతే. మొదటి రోజున కాటాకీ, బేలు తొక్కే పెట్టెకీ, కూర్చునే పీటలకీ పసుపు రాసి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొడతాం. కొత్త వస్తువు బొట్టు లేకుండా షెడ్డులోకి రాకూడదు. నేను పసుపు గిన్నె పట్టుకుని మిషను దగ్గరికి వెళ్లేసరికి హిమజ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దమ్మా, దీనికి మాత్రం వద్దు. లోపలికి పోతే పాడైపోతుంది."

"పసుపుకి పాడయ్యే మిషను ఇంక పొగాకుకి ఏం తట్టుకుంటదే?" అని వెనక నుంచి పేరమ్మ అంది. పేరమ్మ మా అందరిలోకీ పెద్దది. నోరు కూడా పెద్దదే. అందరూ నవ్వారు.

ఆ అమ్మాయి ఫోను మోగి బయటికి వెళ్లింది. పెట్టె తెరిచే ఉంది. అందులో మిషనుతో పాటు అరచేతిలో సగమున్న తెల్లబిళ్ల ఒకటి కనిపించింది. మిషనుకి వద్దంది గానీ దీనికి వద్దనలేదు కదా అనుకుని, బిళ్లకి పసుపు రాసి, బొట్టుపెట్టి, దణ్ణం పెట్టుకున్నాను. అడుగుల చప్పుడు వినిపించేసరికి కొంగుతో తుడిచేసి ఎక్కడిదక్కడ పెట్టేశాను. బిళ్ల ఎప్పట్లాగే తెల్లగా ఉంది. దేవుడి పని అయింది, దాని పనీ చెడలేదు అనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి మొదటి కొలత. మిషనుని ఆకు మీద బోర్లిస్తే లోపల దీపం టప్పున వెలిగి మూడు అంకెలు పడతాయి. వెలుగెంతో ఒకటి, ఎరుపెంతో ఒకటి, పసుపెంతో ఒకటి. పసుపు అంకె పెద్దగా ఉంటే బ్రైటని ఆ అమ్మాయి చెప్పింది. పది ఆకులు పెట్టి చూసి, పుస్తకంలో రాసుకుని, నా వంక చూడకుండా అంది.

"ఐదే కలిశాయమ్మా. మిగతావి మీడియం చూపిస్తోంది."

"మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టింది. మళ్లీ ఐదే. పక్క కుప్పలో నాలుగు. ఆ పక్కదాంట్లో ఆరు. పదకొండు కుప్పల్లో ఒక్కటీ ఎనిమిది దాకా రాలేదు.

"మిషన్‌కి మీ మీద కోపం ఉండదు కదమ్మా" అంది మెల్లగా.

"దానికి లేకపోతే, నిన్ను పంపినోళ్లకి ఉండదా?"

"నన్ను పంపింది రాఘవులుగారే."

"ఆయన్ని ఎవరు పంపారో?"

ఆ పిల్ల కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. దాంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది. తప్పు లేనివాళ్లయితే ఇంత మాటకి ఏడవరా?

రెండో రోజు ఇంకో చిక్కు కనిపించింది, అదీ నా పక్కనే. నా కుడివైపు పీట వెంగమ్మది. పద్నాలుగేళ్ల కిందట పసిబిడ్డని చంకనేసుకుని వచ్చి పని అడిగితే, నేనే చెయ్యి పట్టుకుని ఆకు చూడటం నేర్పాను. ఆ రోజు మంచినీళ్లు తాగి వస్తున్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ పేరమ్మ నన్ను చూసి గట్టిగా దగ్గింది. లోపల వెంగమ్మ చెయ్యి నా బ్రైటు కుప్పలోంచి చటుక్కున వెనక్కి వచ్చింది. ఆమె ఒళ్లో నా కుప్పలోని ఆకులు రెండున్నాయి. నేను వెళ్లి కూర్చునేసరికి అందరి మాటలూ ఆగిపోయాయి.

ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. కానీ లోపల ఒకటికి ఒకటి కలుపుకుంటూనే ఉన్నాను. ముందురోజు మధ్యాహ్నం వెంగమ్మ తన గోంగూర పచ్చడి ఆ హిమజకి పెట్టింది. ఊరికే ఎవరైనా పచ్చడి పెడతారా? నా కుప్పలోని మంచి ఆకు తీసేసి, వెలిసిన ఆకు దూర్చి, మేస్త్రి కుప్పే తప్పని తేలిస్తే నా పీట ఎవరికొస్తుంది? పక్క పీటకే కదా. నేను చెయ్యి పట్టుకుని నేర్పిన చెయ్యే నా కుప్పలోకి వస్తోంది. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

సాయంత్రం కొలతలో మళ్లీ ఐదు, నాలుగు, ఆరు. రాఘవులు ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. నేను ఇక ఊరుకోలేదు.

"అమ్మాయ్, ఆ పెట్టెలోంచి తీసిన దగ్గర్నుంచి నువ్వేం చేస్తున్నావో అందరి ముందరా చెయ్యి. మధ్యలో చెయ్యి అడ్డం పెట్టబాకు."

హిమజ విసుక్కోలేదు. తెల్లబిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. "ముందు దీని మీద పెడతాను. ఇది తెలుపు అని మిషన్‌కి చెబుతానన్నమాట. తర్వాత ప్రతి ఆకునీ ఈ తెలుపుతో పోల్చి కొలుస్తుంది."

అందరూ మూగారు. వెంగమ్మ వంగి చూసింది.

"తెలుపు యాడుంది మేడమ్? పసుప్పచ్చగా ఉంది గదా."

"తెల్లగానే ఉంది గదే" అన్నాను నేను.

"లేదక్కా, అంచులకి చూడు, ఎట్టా పట్టుకొనుందో."

చూశాను. నాకు తెల్లగానే కనిపించింది. కానీ పేరమ్మ కూడా అవునంది, రాఘవులూ అవునన్నాడు. హిమజ దూదికి ఏదో మందు తడిపి బిళ్లని రుద్దింది. దూది పసుపుపచ్చగా అయింది.

"దీని మీద పసుపు ఎవరు రాశారు?" అందా అమ్మాయి నోరు తెరిచి.

ఇక దాచి లాభం లేదు. "కొత్త వస్తువు గదా అని నేనే బొట్టుపెట్టా" అన్నాను. పేరమ్మ మొదలుపెట్టింది చూడండి నవ్వడం, షెడ్డు కప్పు ఎగిరిపోయేటట్టు. "రెణ్ణాళ్ల నుంచీ మిషను మొహాన పసుపు కొట్టి, పసుపు కనబళ్లేదని దాన్నే తిడతన్నావా కొండక్కా!" రాఘవులు కూడా పొట్ట పట్టుకున్నాడు. పసుపు పూసిన బిళ్లనే తెలుపనుకుంది కాబట్టి, మిషనుకి ఆకుల్లో పసుపు తక్కువగా కనిపించిందట. హిమజ నవ్వుతూనే విడమరిచి చెప్పింది.

బిళ్ల కడిగాక మళ్లీ కొలిచింది. తొమ్మిది. ఎనిమిది. తొమ్మిది. నా కుప్ప తొమ్మిది. పదకొండూ నిలబడ్డాయి.

"రేపొక్కరోజు ఇట్టాగే వస్తే షెడ్డు ఎక్కడికీ పోదు. నాది పూచీ" అన్నాడు రాఘవులు.

అందరూ నన్ను చుట్టేశారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. నాకు కనపడని పసుపు ఆ వెంగమ్మకి ఎలా కనిపించింది? నేను రాస్తుంటే చాటు నుంచి చూసి ఉంటుంది. చూసి, రెండు రోజులు ఊరుకుని, అదను చూసి నలుగురిలో బయటపెట్టింది. రేపు చివరిరోజు కాబట్టి నా కుప్పలో ఏదో ఒకటి చేసి తీరుతుంది. అదీ నేను ఆ సాయంత్రం తేల్చుకున్న సంగతి.

మూడో రోజు నేను నా కుప్పని వదల్లేదు. నీళ్లు సీసాలో తెచ్చుకున్నాను. వేసిన ఆకు వేసినట్టే గోనెపట్టా కప్పి, దానికి వీపు ఆనించి కూర్చున్నాను. వెంగమ్మ రెండుసార్లు నా వంక చూసింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకి అరుగు మీదికి వెళ్తుంటే నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"రా అక్కా. ఈ ఘాటులో కూర్చుంటే ముద్ద దిగుద్దా?"

"నాకిక్కడే బాగుంది."

"పోనీ, నేనుంటాలే కుప్ప కాడ. నువ్వు పోయి తినిరా."

"అంత కష్టం నీకెందుకులే" అన్నాను. ఆ మాటలోని కారం ఆమెకి తగలాలనే అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది. దొంగని గుమ్మంలోనే ఆపేశాననుకుని, ఆ గోనెపట్టా పక్కనే కడుపునిండా తిన్నాను.

సాయంత్రం హిమజ, ఎవరి కుప్ప ఏదో తనకి తెలియకుండా ఉండాలని, పదకొండు కుప్పలనీ మధ్యలోకి చేర్చి వరసగా పెట్టమంది. పెట్టాం. నాది ఏడోది. ఆ అమ్మాయి బిళ్లని ముందు అందరికీ చూపించి, తుడిచి, మొదలుపెట్టింది. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది, పది, ఎనిమిది. ఏడో కుప్ప దగ్గర ఆగింది. అంకెలు చూసి, ఆకులు పక్కన పెట్టి, ఇంకో పది తీసింది. అవీ అయ్యాక రాఘవులుకి చూపించింది.

"ఇందులో మూడే కలిశాయండీ. సగం మీడియం. కొన్నిట్లో పచ్చజీర కూడా ఉంది."

మిగతా నాలుగు కుప్పలూ బాగానే వచ్చాయి. పొద్దున్నుంచీ గోనెపట్టా నా వీపుకి ఆనే ఉంది. ఎవరి చెయ్యీ పడలేదు. అయినా ఎలా చేసింది అని నేనింకా వెంగమ్మ వైపే చూస్తున్నాను.

రాఘవులు గొంతు సవరించుకున్నాడు. "ముఠా అంతా బానే చేసింది. షెడ్డుకేం ఢోకా లేదు. ఈ ఒక్క కుప్ప ఎవరిదో చెప్పండి. ఆమెని మాన్పిస్తే సరి. ఎవరిది?"

"నాదే అయ్యా" అంది వెంగమ్మ.

నా కుప్పని తనదంటుందేమిటి? ఇందులో ఏం ఎత్తుంది? దీని వల్ల ఆమెకేం ఒరుగుతుంది? ఎంత వెతికినా లాభం కనపడలేదు. నా బతుకులో మొదటిసారి నా అనుమానానికి ఎటు పోవాలో దారి దొరకలేదు.

"నీదా? నిన్న బానే ఉంది గదమ్మా" అన్నాడు రాఘవులు.

"ఇయ్యాల ఒంట్లో బాగలేదు. చూసుకోలా."

"అయితే రేపటి నుంచి రాబాకు తల్లీ. ఏమనుకోబాకు, మాటంటే మాటే."

వెంగమ్మ తల ఊపింది. నేను మిగతావాళ్ల వంక చూశాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ నేల చూపులే చూస్తున్నారు. ఎప్పుడూ నోరు మూతపడని పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదిమందికీ ఏదో తెలుసు, నాకొక్కదానికే తెలీదు.

నేను ఏడో కుప్పలోంచి ఒక ఆకు తీసుకుని గుమ్మం దగ్గరికి, ఎండలోకి వెళ్లాను. బంగారంలా ఉంది. నాలుగో కుప్పలోంచి, వెంగమ్మ అసలు కుప్పలోంచి, ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. రెండూ నిమ్మపండ్లే. వెంగమ్మ నా వెనకే వచ్చి నిలబడింది.

"ఈ రెంటికీ తేడా ఉందంటావా?" అని అడిగాను.

ఆమె నా చేతిలోంచి ఆకులు తీసుకోబోయింది.

"నిజం చెప్పవే. ఉందా?"

"ఉందక్కా. శానా ఉంది."

"ఎన్నాళ్ల నుంచి నా కుప్ప సర్దుతున్నావు?"

"పోయినేడు సగం నుంచి. నువ్వు నీళ్లకి పోయినప్పుడు, అన్నానికి పోయినప్పుడు. నేనొక్కదాన్నే కాదు, తలా కాసేపు."

"మరి నాకు చెప్పొచ్చు గదే!" అని అరిచాను.

వెంగమ్మ నా కళ్లలోకి చూసింది. "చెబితే నమ్మేదానివా అక్కా?"

నన్ను చెప్పుతో కొట్టినా అంత సిగ్గు వేసేది కాదు. ఏడాది పాటు పదిమంది నా పేరు నిలబెడుతుంటే, నేను వాళ్లని దొంగలనుకున్నాను. వాళ్లు కాపాడకుండా అడ్డం కూర్చుని, నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఆ గొయ్యిలోకి కూడా నాకు బదులు వెంగమ్మే దిగింది.

లోపలికి వెళ్లాను. హిమజ పెట్టె సర్దుకుంటోంది. రాఘవులు గుమ్మం దాటబోతున్నాడు.

"రాఘవులయ్యా, ఆగు. ఏడో కుప్ప నాది."

"నీదా? నీదెట్టా అవుద్ది కొండమ్మా?"

"నాదే. వెంగమ్మది నాలుగోది. పదికి తొమ్మిది కలిసింది చూడు, అది."

ఆయన నమ్మలేక అందరి వంకా చూశాడు. ఎవరూ కాదనలేదు. హిమజ నా దగ్గరికి వచ్చి, అడగకుండానే నా గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది. "రెండు కళ్లలోనూ పొర వచ్చినట్టుందమ్మా. పసుపు తిరిగింది. అందుకే మీకు తేడా తెలియట్లేదు. ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ బాగా కనిపిస్తుంది." రెండు రోజులు నేను తిట్టిన పిల్ల అది. తల ఊపాను.

"మరి మాన్పిస్తానన్న మాట..." అని రాఘవులు నసిగాడు.

"గ్రేడు చెప్పడం మాన్పించు. ఆకు అందించడం కూడా మాన్పిస్తావా?" అన్నాను. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. మా ఊళ్లో అది ఒప్పుకోవడం కిందే లెక్క.

మర్నాడు పొద్దున వెంగమ్మ నా పీట మీద కూర్చోనంది. భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. ఆమె పీట మీద నేను కూర్చుని, పొగాకు పేర్చిన మండెలోంచి ఒక ఆకు విడదీసి ఎత్తి పట్టుకున్నాను.

"ఇది ఏ కుప్పే?"

"మీడియం అక్కా."

నాకది అచ్చం నిమ్మపండులా కనిపిస్తోంది. మీడియంలో పెట్టాను.